ఓడిన ప్రతి పిల్లకూ ఒకే మాట సరిపోదు

2000 సంవత్సరం, సిడ్నీ ఒలింపిక్స్. పోలండ్ మీద గెలిస్తే భారత హాకీ జట్టు సెమీఫైనల్‌కు చేరుతుంది. ఒక గోలు ఆధిక్యం చేతిలో ఉంది. ఆట ఆఖరి నిమిషాలకు వచ్చింది. సరిగ్గా అప్పుడు పోలండ్ గోలు కొట్టింది. మ్యాచ్ 1-1తో ముగిసింది, సెమీస్ దారి మూసుకుపోయింది, జట్టు చివరికి ఏడో స్థానంతో తిరిగొచ్చింది. ఆ జట్టులో మన హైదరాబాద్ వాడు ఒకడున్నాడు, నందనూరి ముఖేష్ కుమార్. 1992 బార్సిలోనా, 1996 అట్లాంటా తర్వాత ఆయనకు అది మూడో ఒలింపిక్స్.

ఆ గోలు జట్టు మొత్తానికి ఒకే క్షణంలో పడింది. ఆ రాత్రిని మాత్రం అందరూ ఒకేలా గడిపి ఉంటారని ఆట ఆడినవాళ్లెవరూ అనుకోరు. అలాంటి రాత్రి ఒకరికి నిద్ర పట్టదు, ఒకరికి మాట పెగలదు. ఇంకొకరు అంపైర్ మీద విరుచుకుపడతారు. మరొకరు అప్పుడే తర్వాతి టోర్నీ ఎప్పుడని అడుగుతారు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల్లో ఇది ఎలా పనిచేస్తుంది? పెద్దలు పూనుకుంటే మారుతుందా? మనస్తత్వ శాస్త్రం ఈ ప్రశ్నల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. అది తేల్చిన విషయాలు ఒలింపిక్ జట్ల దగ్గర ఆగిపోకూడదనీ, మర్పల్లి లాంటి ఊళ్లలో పిల్లలను ఆడించే పీఈటీ సార్లకూ వాళ్ల తల్లిదండ్రులకూ చేరాలనీ నా కోరిక.

మర్పల్లి వికారాబాద్ నుంచి బీదర్ పోయే రైలు దారిలో ఉన్న మండల కేంద్రం. ఇలాంటి ఊళ్లలో పిల్లలు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడతారు, క్రికెట్ సంగతి సరేసరి. హాకీ కర్ర పట్టేవాళ్లు అరుదు. పట్టినా మట్టి నేల మీదే ఆడాలి. నీళ్లు చల్లిన టర్ఫ్ మీద ఆడాలంటే హైదరాబాద్‌లో గచ్చిబౌలి దాకా పోవాలి. మట్టి మీద బంతి ఎగురుతూ, తడబడుతూ వస్తుంది. టర్ఫ్ మీద జారుతూ దూసుకొస్తుంది. ఊళ్లో అందరికంటే బాగా ఆడిన పిల్ల కూడా టర్ఫ్ మీద సెలక్షన్ జరిగిన రోజు మొదటి కొన్ని నిమిషాల్లోనే వరసగా బంతులు వదిలేయవచ్చు. 1928 నుంచి 1972 దాకా ప్రతి ఒలింపిక్స్ నుంచీ పతకం తెచ్చిన భారత జట్టు, 1976 మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ తొలిసారి టర్ఫ్ మీద జరిగినప్పుడు ఏడో స్థానంలో నిలిచింది. దేశానికి ఒకసారి తగిలిన ఆ దెబ్బ ఊరి నుంచి వచ్చిన ప్రతి పిల్లకూ కొత్తగా తగులుతుంది. దేశం ఓడినప్పుడు నేల మారిందని అందరూ మాట్లాడారు. ఈ పిల్లకు ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు. తనకు చేతకాలేదనుకుని ఇంటికొస్తుంది.

‘నాకు చేతకాలేదు’ అనుకోవడానికీ, ‘ఈ నేల నాకు కొత్త’ అనుకోవడానికీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. అమెరికన్ మనస్తత్వవేత్తలు రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో రాసిన పుస్తకానికి ఈ తేడాయే పునాది. ఒత్తిడి జరిగిన సంఘటనలోనే ఉండిపోదనీ, మనసు ఆ సంఘటనను ఎలా తూచిందన్న దాని మీద ఆధారపడుతుందనీ వాళ్లు వాదించారు. మనసు రెండు లెక్కలు వేస్తుంది. దీనివల్ల నాకు పోయేది ఎంత? దీన్ని ఎదుర్కోవడానికి నా దగ్గర ఉన్నది ఎంత? ఉన్నది చాలదనిపిస్తే అది ముప్పు. చాలుతుందనిపిస్తే అది సవాలు. ఈ లెక్క తాపీగా కూర్చుని వేసేది కాదు, రెప్పపాటులో తేలిపోతుంది. అందుకే అందులో స్వభావం పాత్ర ఎక్కువ.

ముప్పు అనుకున్నప్పుడు, సవాలు అనుకున్నప్పుడు శరీరం కూడా వేరుగా నడుచుకుంటుందని జిమ్ బ్లాస్కోవిచ్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రయోగశాలలో కొలిచి చూశారు. గుండె రెండు సందర్భాల్లోనూ వేగంగానే కొట్టుకుంటుంది. సవాలుగా తీసుకున్నవాళ్లలో రక్తనాళాలు సడలి రక్తం ధారాళంగా పారుతుంది. ముప్పుగా తీసుకున్నవాళ్లలో నాళాలు అలా సడలవు, బిగిసే ఉంటాయి. కంటి చూపు కూడా మారుతుంది. 2009లో బ్రిటన్ పరిశోధకుడు మార్క్ విల్సన్ బృందం ఫుట్‌బాల్ ఆటగాళ్ల కంటి కదలికలను నమోదు చేస్తూ పెనాల్టీలు కొట్టించింది. ఆందోళన పెంచినప్పుడు వాళ్ల చూపు గోల్‌కీపర్ మీదికే త్వరగా పోయింది, అక్కడే ఎక్కువసేపు నిలిచింది, బంతి కూడా అతనికి అందేంత దగ్గరకే వెళ్లింది. హాకీ షూటౌట్‌లో 23 మీటర్ల గీత దగ్గర నుంచి బంతితో బయలుదేరిన ఆటగాడికి ఉండేది 8 సెకన్లు. ఆ 8 సెకన్లలో ఖాళీని చూసే పిల్లకూ కీపర్‌నే చూసే పిల్లకూ నైపుణ్యం ఒకటే అయినా ఫలితం ఒకటి కాకపోవచ్చు.

ఇక స్వభావం సంగతి. మనుషుల స్వభావాలను కొలవడానికి నేటి పరిశోధకులు ఎక్కువగా వాడేది ఐదు లక్షణాల నమూనా. చిన్నదానికే కలవరపడే తత్వం, నలుగురిలో కలిసే ఉత్సాహం, క్రమశిక్షణ, ఇతరులతో సర్దుకుపోయే గుణం, కొత్తదనం మీద ఆసక్తి అనేవి ఆ ఐదు. ప్రతి మనిషిలోనూ ఐదూ ఉంటాయి, పాళ్లే వేరు. వికారాబాద్ జిల్లాలో ఎర్ర నేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. ఒకే రాత్రి కురిసిన వాన ఒకచోట ఇంకిపోతుంది, ఇంకోచోట తెల్లారినా బురదగా నిలుస్తుంది. ఓటమి కూడా పిల్లల స్వభావాన్ని బట్టి అలాగే ఇంకుతుంది, లేదా నిలుస్తుంది.

వీటిలో ఓటమితో అన్నిటికంటే దగ్గర సంబంధం ఉన్నది మొదటిది, కలవరపడే తత్వం. జెనిఫర్ కానర్-స్మిత్, సెలెస్ట్ ఫ్లాక్స్‌బార్ట్ 2007లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. 165 సమూహాలు, 33 వేలకు పైగా మనుషులు. కలవరపడే తత్వం ఎక్కువున్నవాళ్లు కష్టం వచ్చినప్పుడు ‘ఇలా జరగకుండా ఉంటే బాగుండు’ అనుకుంటూ ఉండిపోవడం, నలుగురి నుంచి తప్పుకోవడం ఎక్కువని తేలింది. ఉత్సాహం, క్రమశిక్షణ పాలు ఎక్కువున్నవాళ్లు సమస్య మీద పనిచేయడం వైపు, దాన్ని ఇంకో కోణంలో చూడడం వైపు మొగ్గుతారు. క్రీడాకారుల్లోనూ దాదాపు ఇదే పోకడ కనిపించింది. మార్క్ అలెన్ బృందం 2011లో 253 మంది క్రీడాకారుల మీద చేసిన అధ్యయనంలో, కలవరపడే తత్వం ఎక్కువున్నవాళ్లు, కొత్తదనం మీద ఆసక్తి తక్కువున్నవాళ్లు సమస్యకు దూరంగా జరగడం ఎక్కువని తేలింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ సంబంధాలు నిజమైనవే, కానీ మరీ బలమైనవి కావు. స్వభావం తెలిసినంత మాత్రాన ఫలానా పిల్ల ఓడితే ఇలాగే చేస్తుందని ఎవరూ జోస్యం చెప్పలేరు. అయితే అదే 2007 విశ్లేషణలో ఇంకో విషయం కూడా ఉంది. చిన్న వయసువాళ్లలో, అప్పటికే ఒత్తిడిలో ఉన్నవాళ్లలో ఈ సంబంధం మరింత బలంగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ మనిషి తన స్వభావానికి ఎదురీదే ఉపాయాలు నాలుగు నేర్చుకుంటాడు. పదమూడేళ్ల పిల్లకు ఆ ఉపాయాలు ఇంకా చేతికి రాలేదు. ఎనిమిదో తరగతి పిల్ల ఓటమి ముందు నిలబడినప్పుడు స్వభావమే ముందుకొచ్చి నిలబడుతుంది.

స్వభావం ఎలా నష్టం చేస్తుందో చూపే ప్రయోగం ఒకటుంది. మార్టిన్ సెలిగ్‌మన్, సుసాన్ నోలెన్-హోక్సెమా తదితరులు 1990లో దాన్ని ప్రచురించారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఈతగాళ్లలో, చెడు జరిగినప్పుడు దానికి కారణం ఎలా చెప్పుకుంటారో ముందుగా ప్రశ్నలతో తెలుసుకున్నారు. తర్వాత వాళ్లను శక్తికొద్దీ ఈదమని చెప్పి, ఈదాక అసలు కంటే ఎక్కువ సమయం పట్టిందని అబద్ధం చెప్పారు. కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్లీ ఈదించారు. ‘తప్పు నాదే, ఇది ఎప్పటికీ ఇంతే, అన్నిట్లోనూ ఇంతే’ అని చెప్పుకునే అలవాటున్నవాళ్లు రెండోసారి మరింత నెమ్మదించారు. అలా చెప్పుకోనివాళ్ల వేగం తగ్గలేదు. నీళ్లు అవే, ఒళ్లు అదే. మధ్యలో మారింది ఆ కొద్దిసేపట్లో తమకు తాము చెప్పుకున్న మాట ఒక్కటే.

హాకీలో ఆ మాట చెప్పుకోవడానికి సందులు చాలా ఎక్కువ. ఫుట్‌బాల్‌లో బయటికి పిలిచిన ఆటగాడు మామూలుగా ఆ మ్యాచ్‌లో మళ్లీ రాడు. హాకీలో ఆట సాగుతుండగానే ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చవచ్చు. కొన్ని నిమిషాలకొకసారి బెంచీకి రావడం, మళ్లీ దిగడం ఈ ఆటలో అతి మామూలు. కోచ్ దృష్టిలో అది ఊపిరి తీసుకునే సమయం. కలవరపడే పిల్ల దృష్టిలో అది తీర్పు. బంతి వదిలేసిన వెంటనే పిలుపొచ్చిందంటే ‘అందుకే తీసేశారు’ అనుకుంటుంది. బెంచీ మీద కూర్చున్న ఆ కొద్దిసేపూ అదే తలపు తిరుగుతూనే ఉంటుంది. మళ్లీ మైదానంలోకి దిగేసరికి కాళ్లు విశ్రాంతి తీసుకున్నాయి, మనసు అలసిపోయింది. అలా తిరిగే తలపుల మీద నోలెన్-హోక్సెమా జీవితమంతా పరిశోధించారు. బాధను పదేపదే తిరగేసుకోవడం వల్ల బాధ తగ్గదు, నిలిచిపోతుంది, సమస్యకు దారి వెతికే శక్తి కూడా సన్నగిల్లుతుంది. బెంచీకి వచ్చిన పిల్లకు ‘నీళ్లు తాగు, రెండు నిమిషాల్లో దిగుతున్నవ్’ అని కోచ్ ముందే చెప్తే చాలు, ఆ తీర్పు రద్దయిపోతుంది. ఇంత తేలికైన పని ఎందుకు జరగదో నాకు అర్థం కాదు.

డిఫెండర్ల సంగతి ఇంకా కష్టం. గోలు ముందుండే సర్కిల్‌లో చేసిన చిన్న తప్పు పెనాల్టీ కార్నర్ అవుతుంది. తప్పు చేసిన పిల్లే, ఆ సిగ్గు ఇంకా ముఖం మీద ఉండగానే, మాస్కు తగిలించుకుని గోలు గీత వెనకకు పోయి నిలబడి, బంతి కదలగానే దానికి ఎదురు పరిగెత్తాలి. తప్పుకూ దాని తర్వాతి పనికీ మధ్య ఇంత తక్కువ వ్యవధి ఉండే ఆటలు ఎక్కువ లేవు. ఉత్సాహవంతులైన పిల్లలకు ఇది ఒకరకంగా మేలు, ఆలోచించే తీరిక ఉండదు. కలవరపడేవాళ్లకు ఆ పరుగులో ఒక అడుగు ఆలస్యమవుతుంది. చూసేవాళ్లకు అది భయంలా కనిపిస్తుంది. ‘దానికి దమ్ము లేదు’ అనే మాట అక్కడే పుడుతుంది, బడి వదిలేదాకా ఆ పిల్లను వెంటాడుతుంది.

కలవరపడే పిల్లలైనా ఏడుస్తారు కాబట్టి మన కంట పడతారు. నాకు ఎక్కువ బెంగ కలిగించేది ఎవరి కంటా పడని ఇంకో రకం పిల్లలు. వీళ్లు అందరికంటే ముందు మైదానానికి వస్తారు, అందరికంటే చివర వెళ్తారు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తారు. ఏ కోచ్‌కైనా ముద్దొస్తారు. వీళ్లలో కొందరిది క్రమశిక్షణ, కొందరిది పరిపూర్ణత కోసం తపన. పరిపూర్ణత మీద పరిశోధించిన యోఆకిమ్ ష్టోబర్ వంటివాళ్లు దీన్ని రెండు పాయలుగా విడదీశారు. బాగా చేయాలన్న పట్టుదల ఒక పాయ, బాగా రానప్పుడు తనను తాను హింసించుకోవడం రెండో పాయ. మొదటిది మేలు చేస్తుంది. రెండోది ఆందోళనను పెంచుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండు రకాల పిల్లలూ ఆట అయ్యాక ఇంకో వంద షాట్లు కొడతారు. ఒకరు నేర్చుకోవడానికి కొడతారు, ఇంకొకరు శిక్షగా కొడతారు. గెలిచినన్నాళ్లూ తేడా తెలియదు. జట్టులో చోటు పోయిన రోజు, లేదా మోకాలి గాయంతో నెల రోజులు కూర్చోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. మొదటి రకం పిల్ల తిరిగొస్తుంది. రెండో రకం పిల్ల మెల్లగా ఆట మానేస్తుంది. ‘ఎంత మంచి పిల్ల, ఎందుకు మానేసిందో’ అని కోచ్ ఆశ్చర్యపోతాడు.

ఓటమి అంటే మ్యాచ్ పోవడం ఒక్కటే కాదు. ఎదురుచూడడం కూడా ఓటమిలాగే మనిషిని పరీక్షిస్తుంది. తెలుగు నేల నుంచి భారత మహిళల జట్టుకు ఎదిగిన గోల్‌కీపర్ ఎతిమర్పు రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం యనమలవారిపల్లె అమ్మాయి. ఆమె కాలంలోనే హర్యానాకు చెందిన సవితా పునియా కూడా ఉంది. సవిత వరసగా మూడేళ్లు ప్రపంచ ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు అందుకుంది. ఫార్వర్డ్‌లు ముగ్గురు నలుగురు ఉంటారు, మధ్యలో మారుతుంటారు. గోల్‌కీపర్ ఒక్కరే, మామూలుగా మారరు. రియో, టోక్యో రెండు ఒలింపిక్స్‌కూ రజనికి దక్కింది రిజర్వు గోల్‌కీపర్ స్థానమే. ఏళ్ల తరబడి అదే శిబిరం, అదే కసరత్తు. మ్యాచ్ రోజున మాత్రం గోల్‌లో ఇంకొకరు. 2024 జనవరిలో మస్కట్‌లో మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ జరిగినప్పుడు భారత జట్టుకు కెప్టెన్ రజనియే. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు. జట్టు ఫైనల్ దాకా వెళ్లి నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతం తెచ్చింది.

రజని స్వభావం ఎలాంటిదో బయటి నుంచి తేల్చే హక్కు నాకు లేదు. ఆమె కథ చెప్పేది వేరే. ఎదురుచూపు అన్ని స్వభావాలనూ ఒకేలా తినదు. పది మందిలో మెరవాలనుకునే పిల్లకు బెంచీ నరకం. క్రమం, దినచర్య ఇష్టపడే నెమ్మదస్తురాలికి అదే బెంచీ మీద కూడా చేయడానికి పని కనిపిస్తుంది. ప్రత్యర్థి పెనాల్టీ కార్నర్ ఎటు కొడుతుందో రాసుకోవచ్చు, మెయిన్ కీపర్‌కు బంతులు వేయవచ్చు. మైదానంలో కాస్త వెనకబడ్డట్టు కనిపించే స్వభావమే ఇక్కడ ముందు నిలుస్తుంది. అందుకే ఏ స్వభావాన్నీ ‘ఆటకు పనికిరాదు’ అనే మాటతో కొట్టిపారేయకూడదని నా గట్టి నమ్మకం.

మన ఊళ్లలో బలంగా పాతుకుపోయిన ఇంకో నమ్మకం ఉంది. కష్టాలు పడితేనే పిల్లలు రాటుదేలుతారని. తిట్టు, కొట్టు, ఎండలో నాలుగు రౌండ్లు పరిగెత్తించు, అప్పుడే గట్టిపడతారు. ఇంగ్లండ్ పరిశోధకులు డేవ్ కాలిన్స్, ఐన్ మెక్‌నమారా 2012లో ప్రతిభకు కష్టాలు అవసరమేనని రాసినప్పుడు ఈ నమ్మకానికి శాస్త్రం అండ దొరికినట్టయింది. అయితే అదే బృందం 2016లో అత్యున్నత స్థాయికి చేరినవాళ్లనూ, అంచుదాకా వచ్చి ఆగిపోయినవాళ్లనూ పోల్చి చూసింది. ఎవరు ఎన్ని దెబ్బలు తిన్నారన్న దాంట్లో అసలు తేడా దొరకలేదు. దెబ్బ తగిలినప్పుడు ఎలా స్పందించారన్న దాంట్లో దొరికింది. పైకి ఎదిగినవాళ్లు జరిగినదాని నుంచి ఏం నేర్చుకోవచ్చో వెతికారు, ఆ నేర్పు వాళ్లకు అంతకు ముందే ఉంది. ఆగిపోయినవాళ్లు ఎక్కువగా ఇతరుల మీద నెపం వేశారు, ఉత్సాహం కోల్పోయారు. అంటే దెబ్బ దానంతటది ఏమీ నేర్పదు. నేర్చుకునే తీరు ముందే చేతిలో ఉండాలి. అది లేని పిల్లను ఎండలో పరిగెత్తిస్తే ఎండ దెబ్బ తప్ప ఇంకేమీ మిగలదు.

ఆ తీరు నేర్పేది పెద్దలే. అమెరికాలో రొనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే ఇద్దరు పరిశోధకులు బాలల బేస్‌బాల్ కోచ్‌లతో చేసిన పని ఈ రంగంలో చాలా పేరున్నది. వాళ్లు కోచ్‌లకు కొన్ని గంటల శిక్షణ ఇచ్చారు. పిల్లలు బాగా చేసింది చూసి మెచ్చుకోవడం, తప్పు చేస్తే ధైర్యం చెప్పి తర్వాత సరిచేయడం, అవమానించకపోవడం ఆ శిక్షణ సారాంశం. శిక్షణ పొందిన కోచ్‌ల జట్లు ఎక్కువ మ్యాచ్‌లేమీ గెలవలేదు. కానీ తర్వాతి సీజన్‌కు ఆ జట్లలో ఆట మానేసినవాళ్లు 5 శాతం. శిక్షణ లేని కోచ్‌ల జట్లలో 26 శాతం. ఎక్కువ మేలు జరిగింది ఎవరికంటే, తమ మీద తమకు నమ్మకం తక్కువున్న పిల్లలకు. నిబ్బరమైన పిల్ల ఎలాంటి కోచ్ దగ్గరైనా నెట్టుకొస్తుంది. కలవరపడే పిల్ల భవిష్యత్తు మాత్రం కోచ్ నోటి మాట మీద వేలాడుతుంది. ‘గింతదానికే ఏడుస్తవా’ అన్న మాట ఒకరికి పౌరుషం తెప్పించవచ్చు. ఇంకొకరికి ఆటలో వినే చివరి మాట కావచ్చు.

స్వభావం పుట్టుకతో వచ్చింది, మనమేం చేస్తాం అనేవాళ్లకు రెండు విషయాలు చెప్పాలి. కవలల మీద, కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలను 2015లో కలిపి చూస్తే, వ్యక్తిత్వంలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో వంశపారంపర్యం వాటా దాదాపు 40 శాతమని తేలింది. మిగతాదానికి చోటు చాలానే ఉంది. రెండోది, బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2017లో 207 అధ్యయనాలను కలిపి చూసి, తగిన సాయం అందితే వ్యక్తిత్వ లక్షణాలు కొన్ని నెలల్లోనే మారగలవని చూపింది. అన్నిటికంటే ఎక్కువ మారింది కలవరపడే తత్వమే. ఆ సాయంలో ఎక్కువ భాగం మానసిక చికిత్సలే తప్ప ఆట శిక్షణలు కావు కాబట్టి, దాన్ని మైదానానికి యథాతథంగా తెచ్చి అతికించలేం. కానీ మారదు అనే మాట అబద్ధమని దానితో తేలిపోయింది.

మైదానానికి దగ్గరగా ఉన్న ప్రయత్నాలూ ఉన్నాయి. కెనడాలో అంబర్ మోస్విచ్ బృందం 2013లో, తమను తాము అతిగా తిట్టుకునే విశ్వవిద్యాలయ క్రీడాకారిణులతో వారం రోజులు రాత పని చేయించింది. జరిగిన చేదు అనుభవాన్ని, అదే ఒక స్నేహితురాలికి జరిగితే ఎలా ఓదారుస్తామో అలా తమకు తాము రాసుకోవాలి. అలా రాసినవాళ్లలో తమను తిట్టుకోవడం, తలపులు తిరగేసుకోవడం తగ్గాయి. దీనికి కావలసింది ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను. మన బడుల్లో రెండూ ఉన్నాయి.

అందరికీ నోటు పుస్తకమే ఇవ్వమని కాదు. నలుగురిలో ఉత్సాహంగా ఉండే పిల్ల ఓడాక మాట్లాడాలనుకుంటుంది, మాట్లాడనివ్వాలి. నెమ్మదస్తురాలిని అందరి ముందూ ‘ఏం తప్పు చేసినవో చెప్పు’ అని నిలబెడితే కుంగిపోతుంది, మర్నాడు ఒంటరిగా అడగాలి. తప్పంతా అంపైర్ మీదికి, నేల మీదికి తోసేసే పిల్లకు తన వాటా ఎంతో మెల్లగా చూపించాలి. తప్పంతా తన మీదే వేసుకునే పిల్లకు తన వాటా కానిదేదో చూపించాలి. ఈ ఇద్దరికీ ఒకే ఉపన్యాసం ఇస్తే ఒకరికి చేరదు, ఇంకొకరిని గాయపరుస్తుంది. పరిపూర్ణత పిచ్చి ఉన్న పిల్లకైతే ఇంకో వంద షాట్లు కొట్టమనడం కంటే ఇంటికి పొమ్మనడమే మంచి శిక్షణ.

తల్లిదండ్రులకు వేరుగా ఒక మాట చెప్పాలి, ముఖ్యంగా ఆడపిల్లల తల్లిదండ్రులకు. అబ్బాయి ఓడితే ‘మల్ల చూద్దాం తీ’ అంటాం. అమ్మాయి ఓడితే ‘ఇగ చాలు, చదువుకో’ అంటాం. ఒక ఓటమి ఆమెకు ఆట మొత్తాన్నీ పోగొడుతుందని తెలిసిన పిల్ల ప్రతి మ్యాచ్‌నూ ముప్పుగానే తూస్తుంది. ఎంత నిబ్బరమైన స్వభావమైనా ఆ బరువు కింద వంగిపోతుంది. ఆమె కాళ్లు వణికితే దానికి కారణం ఆమె తత్వం కాకపోవచ్చు, మనం పెట్టిన పందెం కావచ్చు.

టోక్యో ఒలింపిక్స్‌లో మన పురుషుల జట్టు 2021 జులై 25న ఆస్ట్రేలియా చేతిలో 1-7తో చిత్తయింది. రెండు రోజుల తర్వాత స్పెయిన్‌ను 3-0తో ఓడించింది. ఆగస్టు 5న జర్మనీని 5-4తో ఓడించి, 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ హాకీలో పతకం తెచ్చింది. ఆ జట్టులోనూ అన్ని స్వభావాలవాళ్లూ ఉండి ఉంటారు. వాళ్లందరికీ సమానంగా దొరికిన వరం ఒకటుంది, రెండు రోజుల్లో ఇంకో మ్యాచ్. మర్పల్లి పిల్లకు ఆ వరం లేదు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్‌లో ఈ ఏడు చోటు దక్కకపోతే మళ్లీ వచ్చే ఏడే. ఏడాది పొడవునా తిరగేసుకోవడానికి ఆమెకు మిగిలేది ఆ ఒక్క ఓటమే. ఎంత గట్టి స్వభావానికైనా అది చాలా ఎక్కువ కాలం.

పీఈటీ సార్లూ, మేడమ్‌లూ, మిమ్మల్ని అడిగేది ఇదే. పిల్లలు ఓడి వచ్చిన వారం లోపే వాళ్లకు ఇంకో మ్యాచ్ పెట్టండి. పక్క ఊరి బడితోనైనా సరే, ఏడుగురేసి ఆటగాళ్లతోనైనా సరే, మట్టి నేల మీదైనా సరే. ఓడిన రోజున ఎవరు ఎలా ఉన్నారో పేరు పేరునా రాసిపెట్టుకోండి, ఈ మ్యాచ్ ముందు ఒక్కొక్కరితో వాళ్లకు తగిన మాట మాట్లాడండి.